పెట్టుబడికీ ఓ పాస్‌పోర్టు

1719లో లండన్ వీధుల్లో నేతగాళ్లు గుంపులుగా తిరుగుతూ, అద్దకపు నూలు గౌన్లు తొడుక్కున్న ఆడవాళ్ల మీద పడి బట్టలు చించేశారు. కొందరి మీద సిరా పోశారు. పట్టు, ఉన్ని నేసి బతికే తమ నోటి దగ్గరి కూడును తూర్పు దేశాల నూలుగుడ్డ లాగేసుకుంటోందన్నది వాళ్ల గొడవ. ఆ గుడ్డల్లో బెంగాల్‌వి ఉన్నాయి, గుజరాత్‌వి ఉన్నాయి, మన కోరమాండల్ తీరానివీ ఉన్నాయి. బందరులో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లోనే కొఠీ తెరిచింది. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చి బేరాలు మొదలుపెట్టారు. కృష్ణా తీరంలో అద్దిన పువ్వుల గుడ్డ లండన్‌లో అమ్ముడుపోతే, ఆ లాభం కంపెనీ వాటా పత్రం చేతిలో ఉన్న వర్తకుడికి చేరేది. ప్రపంచీకరణ అని మనం నిన్నగాక మొన్న పేరు పెట్టుకున్న వ్యవహారమే ఇది.

పార్లమెంటు నేతగాళ్ల మొర ఆలకించింది. ఆ అల్లర్లకు ముందే, 1700లో చేసిన చట్టం తూర్పు దేశాల అద్దకపు గుడ్డను ఇంగ్లండులో వాడకుండా ఆపింది. 1721లో వచ్చిన రెండోది నూలుగుడ్డలు కట్టుకోవడాన్నే చాలామటుకు నిషేధించింది. ఫ్రాన్సు అయితే 1686లోనే నిషేధం పెట్టి 1759 దాకా సాగదీసింది. మరి కంపెనీ వాటాదారు గతి? పెద్దగా ఏమీ కాలేదు. తెచ్చిన గుడ్డను తిరిగి బయటి దేశాలకు ఎగుమతి చేసుకోవచ్చన్న వెసులుబాటు ఆ చట్టాల్లోనే ఉంది. రానురాను టీ వ్యాపారమూ కలిసొచ్చింది. చట్టం రాసేనాడు వాటాదారు పార్లమెంటు గుమ్మం దగ్గరున్నాడు. బందరు అద్దకపువాడు లేడు.

ఆనాటి నుంచి ఈనాటి దాకా మూడు వందల ఏళ్ల లెక్క తిరగేస్తే నాకు కనిపించేది ఒకటే. దేశాల తలుపులు తెరుచుకోవడానికీ మూసుకోవడానికీ మధ్య నడిచే పెనుగులాటలో మదుపరిని అసలు ముంచింది ధర పడిపోవడం కాదు. పడ్డ ధర ఎప్పుడో ఒకప్పుడు లేస్తుంది. ముంచింది హక్కు పోవడం: అమ్ముకునే హక్కు, వడ్డీ అందుకునే హక్కు, సొమ్ము ఇంటికి తెచ్చుకునే హక్కు. షేరు కొన్నవాడు కంపెనీని కొన్నాననుకుంటాడు. దాంతోపాటు ఏదో ఒక ప్రభుత్వపు దయాదాక్షిణ్యాలను కూడా కొన్నాడు. ఆ సంగతి గొడవొచ్చిన రోజునే తెలుస్తుంది.

1870 నుంచి 1914 దాకా నడిచిన కాలాన్ని చరిత్రకారులు మొదటి ప్రపంచీకరణ అంటారు. ఓడలకు ఆవిరి వచ్చింది, సముద్రం అడుగున తంతి తీగ వేశారు, ప్రధాన దేశాల నాణేలు బంగారానికి ముడిపడ్డాయి. లండన్ సొమ్ము అర్జెంటీనా రైళ్లకూ, అమెరికా రైళ్లకూ, మన రైళ్లకూ వెళ్లింది. అంతకు ముందే మన రైలు కంపెనీలకు 5 శాతం రాబడి హామీ ఇచ్చి, లోటొస్తే భారత ఖజానా నుంచి పూడ్చే ఏర్పాటు ఉండేది. నష్టం రైతుది, లాభం లండన్ షేర్‌దారుది. దాదాభాయి నౌరోజీ తరం ఆర్థిక జాతీయవాదం ఇలాంటి లెక్కల్లోంచే పుట్టింది.

ఆ రోజుల్లో నార్మన్ ఏంజెల్ అనే ఇంగ్లీషు రచయిత, దేశాల ఆర్థిక బంధాలు ఇంతగా పెనవేసుకున్నాక యుద్ధం ఎవరికీ గిట్టుబాటు కాదని పుస్తకం రాశాడు. యుద్ధం రాదని అతను అనలేదు గానీ చదివినవాళ్లు అలాగే అర్థం చేసుకున్నారు. 1914 జూలై 31న లండన్ స్టాక్ ఎక్స్ఛేంజి తలుపులు మూసింది. అదే రోజు న్యూయార్కు కూడా మూసింది. యూరప్‌వాళ్లు అమెరికన్ షేర్లన్నీ తెగనమ్మి బంగారం తరలించుకుపోతారని న్యూయార్కు భయం. అక్కడ షేర్ల బేరాలు మళ్లీ మొదలవడానికి నాలుగు నెలలు దాటింది. లండన్ 1915 జనవరిలో గానీ తెరవలేదు.

అంతకు మించిన దెబ్బ తిన్నది ఫ్రెంచి మధ్యతరగతి. రష్యా జారు ప్రభుత్వ బాండ్లను, రష్యన్ రైలు బాండ్లను ఫ్రాన్సులో పది లక్షలకు పైగా జనం కొన్నారు. బడిపంతుళ్లు, చిల్లర దుకాణదారులు, పింఛనుదారులు. రష్యా తమ మిత్రదేశం, కాబట్టి ఆ బాండు కొనడం దేశభక్తి కూడా అని అక్కడి బ్యాంకులూ పత్రికలూ ఊదరగొట్టాయి. 1918 ఫిబ్రవరిలో బోల్షివిక్కులు ఆ అప్పులన్నీ చెల్లవని ప్రకటించారు. 1996లో కుదిరిన ఒప్పందం కింద రష్యా 40 కోట్ల డాలర్లు ఇస్తానంది. అసలులో అది పిసరంత. అదీ మనవలకు, మునిమనవలకు.

రష్యా అంటే విప్లవం, సరే. అమెరికా ఏం చేసింది? 1917లో యుద్ధంలో దిగగానే శత్రుదేశస్థుల ఆస్తుల స్వాధీనానికి ఒక అధికారిని పెట్టింది. జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ అమెరికా ఆస్తులు, ఆ దేశంలో దాని పేరు, ఆస్పిరిన్ వ్యాపారం అన్నీ 1918 డిసెంబరు వేలంలో 53 లక్షల డాలర్లకు స్టెర్లింగ్ అనే కంపెనీకి పోయాయి. తన పేరు తాను అమెరికాలో తిరిగి వాడుకోవడానికి బేయర్ 1994 దాకా ఆగి, 100 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆస్తి హక్కుకు పెట్టింది పేరైన దేశంలోనే ఆస్తిదారు ఏ దేశస్థుడన్న ప్రశ్న ముందు హక్కు నిలవలేదు.

ఇక మన వైపు. 1905 స్వదేశీ ఉద్యమం మదుపరిని కొత్త పాత్రలో నిలబెట్టింది. తూత్తుకుడిలో చిదంబరం పిళ్లై 1906లో స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ పెట్టి 25 రూపాయల షేర్లు అమ్మాడు. పోటీగా బ్రిటిష్ ఓడల కంపెనీ చార్జీలు తగ్గించి తగ్గించి, చివరకు ఉచితంగా ఎక్కించుకుని పైగా గొడుగు కూడా ఇచ్చిందని చెప్పుకుంటారు. 1908లో పిళ్లై జైలు పాలయ్యాడు, 1911లో కంపెనీ మూతపడింది. షేర్లు కొన్నవాళ్ల సొమ్ము నీళ్లలో పోసినట్టయింది. దాదాపు అదే సమయంలో టాటాలు ఉక్కు కర్మాగారానికి లండన్‌లో పెట్టుబడి దొరక్క 1907లో బొంబాయిలో వాటాలు పెడితే మూడు వారాల్లో సుమారు 8,000 మంది భారతీయులు మొత్తం కొనేశారు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక చవక విదేశీ ఉక్కు ముంచెత్తడంతో ఆ కంపెనీ కూడా మునిగే స్థితికి వచ్చింది. 1924లో చేసిన రక్షణ సుంకాల చట్టం దాన్ని గట్టెక్కించింది. రెండు చోట్లా దేశాభిమానమే పెట్టుబడి. ఒకచోట ప్రభుత్వం ఎదురు తిరిగింది, ఇంకోచోట అదే ప్రభుత్వం సుంకంతో కాపు కాసింది. వాటాదారు తెలివితేటలకు ఇందులో దక్కే పాత్ర చాలా తక్కువ.

ఆ వరసలోనిదే మన ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923 నవంబరులో బందరులో దాన్ని స్థాపించారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఒకప్పుడు విదేశీ కొఠీ వెలిసిన ఊళ్లోనే స్వదేశీ బ్యాంకు పుట్టింది. దాన్ని 1980లో కేంద్రం జాతీయం చేసింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిపేసింది. జాతీయోద్యమం కన్న సంస్థను జాతీయ ప్రభుత్వమే తీసుకుని జాతీయ సామర్థ్యం పేరుతో పేరు చెరిపేసింది. తెలుగువాళ్లలో ఇప్పటికీ దీని మీద కినుక ఉంది. ఆ కినుక అన్యాయమైనదని నేననను.

1930 దగ్గర ఒక అపోహ తొలగించాలి. స్మూట్, హాలీ అనే ఇద్దరు అమెరికన్ చట్టసభ సభ్యుల పేరు మీద వచ్చిన సుంకాల చట్టమే మహామాంద్యం తెచ్చిందని తరచు రాస్తుంటారు. మార్కెట్ కూలింది 1929 అక్టోబరులో. అధ్యక్షుడు హూవర్ ఆ చట్టం మీద సంతకం చేసింది 1930 జూన్ 17న. వద్దని వెయ్యి మందికి పైగా ఆర్థికవేత్తలు అర్జీ పెట్టుకున్నా వినలేదు. రోగం తెచ్చింది అది కాదు గానీ రోగిని మంచం దిగనివ్వకపోవడంలో దాని చెయ్యి ఉంది. చాలా దేశాలు ఎదురు సుంకాలు వేశాయి. 1934 నాటికి ప్రపంచ వాణిజ్యం విలువలో సుమారు మూడింట రెండు వంతులు హరించుకుపోయింది. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారం ముడి తెంపుకోగానే, ధాన్యం ధరలు పడి అప్పుల్లో ఉన్న మన పల్లెల్లోని నగలు కరిగి బొంబాయి ఓడలకెక్కాయి. 1933లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తన పౌరుల దగ్గరి బంగారాన్ని ఔన్సు 20.67 డాలర్ల లెక్కన ప్రభుత్వానికి అప్పగించమని ఆదేశించి, మరుసటి ఏడే దాని ధర 35 డాలర్లు చేశాడు. సొంత దేశపు మదుపరికి కూడా తలుపు వేయవచ్చని అలా రుజువైంది. 1929 నాటి డౌజోన్స్ శిఖరాన్ని మళ్లీ చూడటానికి 1954 నవంబరు దాకా పట్టింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వలసలు విడిపోయాయి. కొత్త ప్రభుత్వాలు గనులు, నూనె బావులు, తోటలు స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టాయి. 1956 జూలై 26న ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువ కంపెనీని జాతీయం చేశాడు. ఇందులో 44 శాతం వాటాను బ్రిటిష్ ప్రభుత్వం 1875లో 40 లక్షల పౌన్లకు కొనుక్కుంది. నాసర్ ప్రకటన అయిన మూడు నెలలకు యుద్ధమే వచ్చింది. విచిత్రమేమంటే, ఆ కంపెనీ వాటాదారులు దివాలా తీయలేదు. 1958 ఒప్పందంలో ఈజిప్టు 2.83 కోట్ల ఈజిప్టు పౌన్లు పరిహారం ఇచ్చింది. ఎలాగూ కాలువ మీద వాళ్ల గడువు 1968తో తీరిపోయేదే. కంపెనీ ఆ సొమ్ముతో పారిస్‌లో పెట్టుబడుల సంస్థగా మారి దశాబ్దాలు బతికింది. గౌరవం పోయింది బ్రిటిష్ సామ్రాజ్యానికి, ప్రధాని పదవి పోయింది ఈడెన్‌కు. పరిహారం ముట్టిన జాతీయం వేరు, ముట్టని జాతీయం వేరు. మదుపరి భయపడాల్సింది రెండోదానికే.

మన దేశపు సొంత కథ 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టం, జనం నోట్లో ఫెరా. విదేశీ కంపెనీలు ఇక్కడి వ్యాపారంలో తమ వాటాను 40 శాతానికి తగ్గించుకోవాలి, కొన్ని రంగాలకు మినహాయింపు. కోకాకోలా 1977లో వెళ్లిపోయింది, ఐబీఎం 1978లో. ఆనాటి పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ పేరుతో ఈ ఘట్టం బాగా ప్రచారమైంది. కోకాకోలా ఖాళీని పూడ్చడానికి ప్రభుత్వమే డబుల్ సెవెన్ అని ఒక పానీయం దించింది. అది ఎలా ఉండేదో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోవాల్సిందే.

వెళ్లిపోయినవాళ్ల సంగతే అందరూ చెబుతారు. ఉండిపోయినవాళ్లే మదుపరికి ముఖ్యం. కోల్గేట్ లాంటి కంపెనీలు తలవంచి వాటాలు జనానికి అమ్మాయి. హిందుస్థాన్ లీవర్ మినహాయింపు పట్టుకుని 51 శాతం దగ్గర నిలదొక్కుకుంది. అమ్మే ధర కంపెనీ చేతిలో లేదు. ఢిల్లీలో మూలధన జారీ నియంత్రణాధికారి నిర్ణయించేవాడు, అదీ అసలు విలువ కంటే బాగా తక్కువకు. దరఖాస్తు పెట్టి వంద షేర్లు దక్కించుకున్న గుమాస్తాలు, లెక్చరర్లు తర్వాతి ఇరవై ఏళ్లలో బోనస్ షేర్ల మీద పిల్లల పెళ్లిళ్లు చేశారు. భారతీయ మధ్యతరగతికి షేర్ మార్కెట్ రుచి చూపించింది ప్రపంచీకరణ అని చాలామంది అనుకుంటారు. కాదు, ఫెరా. స్వేచ్ఛా వాణిజ్యవాదులకు ఈ మాట రుచించదు గానీ జరిగింది అదే.

దీనికి ఎదురుకథ 1990లలో నడిచింది. తలుపులు తెరిచాక విదేశీ మాతృసంస్థలు 51 శాతానికి ఎదగొచ్చన్నారు. అవి మార్కెట్‌లో కొనలేదు. తమకు తామే ప్రత్యేకంగా కొత్త షేర్లు, మార్కెట్ ధరలో చిన్న భాగానికి, జారీ చేసుకున్నాయి. కోల్గేట్ అందులో పేరు పడ్డ ఉదాహరణ. చిన్న వాటాదారు వాటా పలచబడింది. 1994లో మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ అలాంటి జారీకి ధర నిబంధన పెట్టేనాటికి కావాల్సినవాళ్లు పని కానిచ్చుకున్నారు. ఇరవై ఏళ్ల కింద జాతీయవాదం చవగ్గా ఇచ్చినదాన్ని ప్రపంచీకరణ చవగ్గా వెనక్కి తీసుకుంది. రెండుసార్లూ ధర నిర్ణయించింది మార్కెట్ కాదు.

1991 సంగతి పాఠకులకు కొట్టినపిండి. విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే ఉంది. రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారం ఇంగ్లండు, జపాన్ కేంద్రబ్యాంకుల దగ్గర కుదువపెట్టింది. ప్రధాని మన వంగరకు చెందిన పి.వి. నరసింహారావు. జూలై 24న మన్మోహన్ సింగ్ బడ్జెట్. 1992 సెప్టెంబరు నుంచి విదేశీ సంస్థాగత మదుపరులకు మన షేర్లు కొనే వీలు వచ్చింది. 2001లో హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ న్యూయార్కు ఎక్స్ఛేంజిలో నమోదైంది. మాదాపూర్ అద్దాల మేడలు, అమెరికా డాలర్లతో గుంటూరు, కరీంనగర్ పల్లెల్లో లేచిన ఇళ్లు, అన్నీ ఆ తెరిచిన తలుపు మహిమే. కానీ తెరిచిన తలుపు లోపలికి రావడానికే కాదు, బయటికి పోవడానికీ పనికొస్తుంది.

అది 1997లో తూర్పాసియా చూసింది. జూలై 2న థాయ్‌లాండ్ తన బాత్‌ను వదిలేయగానే విదేశీ సొమ్ము మూటాముల్లె సర్దుకుంది. 1998 సెప్టెంబరులో మలేషియా ప్రధాని మహతీర్ రింగిట్‌ను డాలరుకు 3.80 దగ్గర బిగించి, షేర్లలో పెట్టిన విదేశీ సొమ్ము ఏడాదిపాటు దేశం దాటరాదన్నాడు. వార్తల్లో విన్నది మహతీర్‌కూ అంతర్జాతీయ ద్రవ్యనిధికీ మధ్య మాటల యుద్ధం. నలిగిపోయింది సింగపూర్ జనం. మలేషియా కంపెనీల షేర్లను సింగపూర్‌లోనే కొని అమ్మే క్లాబ్ అనే మార్కెట్ ఒకటి ఉండేది. తమ దేశం బయట జరిగే బేరాలు చెల్లవని మలేషియా చెప్పడంతో అది ఒక్కసారిగా ఆగిపోయింది. లక్షకు పైగా చిన్న మదుపరులు, షేర్లు ఉండి కూడా అమ్ముకోలేక కూర్చున్నారు. సగం ధరకు కొంటామంటూ ముందుకొచ్చినవాళ్లూ ఉన్నారు. 2000 దాటాక గానీ ముడి విడలేదు, అదీ విడతల వారీగా. మలేషియా ఆర్థికవ్యవస్థ మాత్రం కోలుకుంది. ఒక దశలో ఇలాంటి కట్టడి అవసరమేనని ద్రవ్యనిధి కూడా 2012లో ఒప్పుకుంది. దేశానికి మంచిదైన మందు పొరుగింటి మదుపరికి విషం కావచ్చు.

2008 సంక్షోభం తర్వాత గాలి మళ్లింది. 2016 జూన్ 23న బ్రిటన్ ఐరోపా సమాఖ్యను వీడాలని ఓటేసింది. తెల్లారేసరికి పౌను 1985 తర్వాత ఎన్నడూ లేనంతగా పడింది. తన చేతిలో ఉన్న జాగ్వార్ లాండ్‌రోవర్ కారణంగా టాటా మోటార్స్ షేరు కూడా బొంబాయిలో దెబ్బ తింది. లండన్‌లోని వంద పెద్ద కంపెనీల సూచీ మాత్రం వారం తిరక్కుండానే కోలుకుంది. ఆ కంపెనీల సంపాదన చాలామటుకు బయటి దేశాలది మరి. పౌను పడితే వాటికి లాభమే. దెబ్బంతా స్వదేశంలో అమ్మి బతికే మధ్యతరహా కంపెనీల మీద పడింది. స్వదేశీ నినాదానికి స్వదేశీ షేరే బలైపోయింది.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 2020 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం సరిహద్దు దేశాల నుంచి వచ్చే ప్రతి పెట్టుబడికీ ముందస్తు అనుమతి కావాలంది. చైనా కేంద్రబ్యాంకు హెచ్‌డీఎఫ్‌సీలో ఒక శాతం దాటి వాటా కొన్న వార్త దానికి నేపథ్యం. 2021 జనవరిలో న్యూయార్కు ఎక్స్ఛేంజి మూడు చైనా టెలికాం కంపెనీలను బయటికి పంపింది. అదే ఏడు జూన్ 30న చైనా టాక్సీ కంపెనీ డీడీ అక్కడే 440 కోట్ల డాలర్లు సేకరిస్తే, రెండు రోజులకే బీజింగ్ దాని మీద విచారణ మొదలుపెట్టింది. ఏడాదిలోపే అది న్యూయార్కు నుంచి తప్పుకుంది. ఈసారి ఒకే షేరు మీద రెండు ప్రభుత్వాల నీడ.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసింది. పాశ్చాత్య దేశాలు రష్యా కేంద్రబ్యాంకు నిల్వల్లో సుమారు 30,000 కోట్ల డాలర్లు స్తంభింపజేశాయి. మాస్కో మార్కెట్ నెల దాకా మూతపడింది. లండన్‌లో అమ్ముడయ్యే రష్యా స్బెర్‌బ్యాంకు షేరు రశీదులు ఒక్క సెంటు దగ్గరకు దిగాయి. సూచీలు తయారుచేసే ఎంఎస్‌సీఐ రష్యా షేర్లన్నిటినీ సున్నా ధర కట్టి తీసేసింది. కంపెనీల బావులు, గనులు, బ్యాంకులు ఎక్కడివక్కడే ఉన్నాయి. పోయింది హక్కు. 1918 ఫ్రెంచి పింఛనుదారుడికీ 2022 న్యూయార్కు ఫండ్ మేనేజరుకూ తేడా, రెండోవాడి దగ్గర కంప్యూటరు ఉండటమే. మన చమురు కంపెనీలకు రష్యా బావుల్లో రావాల్సిన డివిడెండ్లు కూడా అక్కడి బ్యాంకుల్లోనే చిక్కాయి. ఇది చూసిన కేంద్రబ్యాంకులు 2022, 2023, 2024లలో ఏటా వెయ్యి టన్నులకు పైగా బంగారం కొన్నాయి. డాలరుకు కూడా ఓ పాస్‌పోర్టు ఉందని వాళ్లకు బోధపడింది.

2025 ఏప్రిల్ 2న ట్రంప్ సుంకాల పట్టిక చూపగానే అమెరికా ఎస్‌అండ్‌పీ సూచీ రెండు రోజుల్లో పది శాతం పైగా పడింది. 9న వాయిదా అనగానే ఒక్కరోజులో 9.5 శాతం లేచింది. ఆ ఊపు అర్థం చేసుకోవడానికి ఆర్థికశాస్త్రం చదవక్కర్లేదు, ఒక మనిషి మూడ్ కనిపెడితే చాలు. 2025 ఆగస్టు 27న మన సరుకుల్లో చాలావాటి మీద సుంకం 50 శాతానికి చేరింది. భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద ఆ వార్త ధర రూపంలో దిగింది. దేశం ఎగుమతి చేసే సాగు రొయ్యల్లో సింహభాగం ఆంధ్రప్రదేశ్‌ది, అప్పటికి కొనేవాళ్లలో మొదటి స్థానం అమెరికాది, పోటీదారు ఈక్వడార్ మీద వేసింది 15 శాతమే. అవంతి ఫీడ్స్ లాంటి షేర్లు పడ్డాయి. అందులో థాయ్ యూనియన్‌కు నాలుగో వంతు దాకా వాటా ఉంది, అంటే దెబ్బ బ్యాంకాక్‌కూ తగిలింది. షేరున్నవాడు చూస్తూ కూర్చోవచ్చు. చెరువులో పిల్ల వేసిన కౌలు రైతుకు ఆ అవకాశం లేదు, పంట నెలల్లో తీయాలి.

అయినా ఈసారి మన మార్కెట్ కూలలేదు. విదేశీ సంస్థలు అమ్ముతుంటే మన మ్యూచువల్ ఫండ్లు కొన్నాయి. నెలనెలా కట్టే సిప్ వాయిదాల ద్వారా వచ్చే సొమ్ము 2024 అక్టోబరులో 25,000 కోట్ల రూపాయలు దాటింది. 2025 మార్చి చివరికి జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజి కంపెనీల్లో దేశీయ సంస్థల వాటా విదేశీ సంస్థల వాటాను మించిపోయింది. దీన్ని ఆత్మనిర్భరత అని మురిసిపోయేవాళ్లున్నారు. ఇందులో బలం ఉంది, కాదనను. అయితే ఈ సొమ్ములో కొంత మన ఇష్టంతో ఇక్కడ ఉన్నది కాదు. మన ఫండ్లన్నీ కలిపి విదేశీ షేర్లలో పెట్టగలిగేది 700 కోట్ల డాలర్లకు మించరాదని 2008లో రిజర్వు బ్యాంకు గీత గీసింది. 2022 ఫిబ్రవరిలో ఆ గీత దగ్గరికి వచ్చేసరికి చాలా ఫండ్లు విదేశీ పథకాల్లోకి కొత్త సొమ్ము తీసుకోవడం ఆపేశాయి. అమెరికా షేరు కొందామనుకున్న విజయవాడ ఉద్యోగికి ఆ నెల తలుపు మూసింది వాషింగ్టన్ కాదు, బొంబాయి. దేశీయ మదుపు ఎన్నో రెట్లు పెరిగినా, 2025లో కూడా ఆ పరిమితి 700 కోట్ల డాలర్ల దగ్గరే ఉంది.